నదీమూల విచారము

నదీమూలము, ఋషిమూలము విచారింపరాదని మన పెద్దలు చెప్పుచుందురు. ఋషుల సంగతి యెట్లున్నను, నదుల విషయమున ఈ కట్టడిని మనుష్యుడు ఏనాడును పాటింపలేదు. నడివేసవిలో, నెలల తరబడి చినుకు లేని దినములలో, రాతికొండ అడుగున చల్లని తేటనీరు ఉబికి వచ్చుచుండగా చూచినవాడు “ఇది యెక్కడినుండి వచ్చుచున్నది?” అని అడుగక మానడు. ప్రశ్న చిన్నదే. దానికి సరియైన సమాధానము కుదురుటకు మాత్రము రెండువేల సంవత్సరములు పట్టినది. ఆ కథను, అది నేడు మనకేల ముఖ్యమైనదో ఆ సంగతిని, ఈ ప్రసంగమున చెప్పదలచితిమి.

మన మెరిగిన ఊటతోనే మొదలు పెట్టుదము. నంద్యాలకు సుమారు 15 కిలోమీటర్ల దూరమున, నల్లమల కొండల పడమటి పాదమున, మహానంది క్షేత్రమున్నది. అచ్చటి కోనేటిలో గుండుసూది పడినను అడుగున కానవచ్చునని యాత్రికులు చెప్పుకొందురు. లింగము క్రిందినుండి పుట్టిన నీరు కోనేటిలోనికి వచ్చి, అచ్చటినుండి వెలుపలికి పారి, చుట్టుపట్ల అరటితోటలకును పొలములకును ఆధారమగుచున్నది. వానకాలమైనను వేసవియైనను కోనేటి మట్టము ఇంచుమించు ఒక్కతీరుగనే యుండును. తాడిపత్రిలో పెన్న యొడ్డున నున్న రామలింగేశ్వరునికి అచ్చట ఊరు బుగ్గయే ఇంటిపేరైనది; ఆయన బుగ్గ రామలింగేశ్వరుడు. తిరుమల కొండపై ఆకాశగంగ యున్నది. శ్రీశైలము దిగువ కృష్ణ రేవునకు పాతాళగంగ యని పేరు.

ఈ కడపటి రెండు పేర్లను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. కొండనీరు పైనుండి దిగినదా, క్రిందినుండి ఎక్కినదా? అది ఆకాశగంగయా, పాతాళగంగయా? లోకములోని పండితులు ఈ రెండు పక్షములుగా చీలి వాదించిరి. అందు చాలకాలము పాతాళపక్షమువారిదే పైచేయి.

క్రీస్తుకు పూర్వము నాలుగవ శతాబ్దమున గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్, వాననీరు భూమిలోనికి ఇంకుట నిజమే గాని, ఏడాది పొడవునా పారు నదులకు అది యొక్కటియే చాలదని తలచెను. కొండల లోపలి చల్లదనమున గాలి నీరుగా మారి, బొట్టుబొట్టుగా చేరి, ఊటలగునని ఆయన మతము. కొండ యనునది ఆయన దృష్టిలో నీటిని పిండుచుండు పెద్ద స్పంజి. మరి మూడు వందల ఏండ్లకు రోమను శిల్పి విట్రూవియస్, కొండలపై పడిన వానయు మంచును నేలలోనికి దిగి, రాయి గాని బంకమట్టి గాని అడ్డు వచ్చినచోట వెలుపలికి వచ్చునని వ్రాసెను. ఇది మిక్కిలి మంచి మాటయే. కాని ఆ మాట విన్నవారు తక్కువ.

ఏల వినలేదు? పాతాళపక్షమువారికి రెండు బలమైన ఆక్షేపణలుండెను. మొదటిది: ఆకాశమునుండి పడు కొద్దిపాటి వాన ఇన్ని మహానదుల నెట్లు నింపగలదు? రెండవది: వాననీరు నేలలోనికి ఎంత లోతు దిగును? రోమను పండితుడు సెనెకా తాను స్వయముగా ద్రాక్షతోటలు పెంచినవాడనని చెప్పి, ఎంత పెద్ద వానయైనను పది అడుగులకు మించి నేలను తడుపదని సాక్ష్యమిచ్చెను. ఆ మాట పండితుని ఊహ కాదు, సేద్యగాని అనుభవము. కావున దానిని కాదనుట కష్టమైనది. ఈ రెండు చిక్కులు విడువనంతకాలము ఆకాశపక్షమునకు జయము లేదు.

ఈ మార్గముననే 1665 లో అథనేసియస్ కిర్కర్ అను క్రైస్తవ మతాచార్యుడు భూగర్భలోకమును గూర్చి ఒక మహాగ్రంథమును ప్రకటించెను. సముద్రపు అడుగున బిలములు కలవనియు, ఆ బిలములగుండ ఉప్పునీరు భూమిలోనికి పోయి, కొండల గర్భమందలి పెద్ద జలాశయములను చేరి, అచ్చటినుండి ఊటలుగా దిగుచున్నదనియు ఆయన చిత్రపటములతో చూపెను. పటములు చూచుటకు రమ్యములైనవి. ఉప్పు ఎచ్చట విడిపోయినదో, నీరు సముద్రమును విడిచి కొండ శిఖరమున కెట్లు ఎక్కినదో మాత్రము ఆయన నమ్మదగినట్లు చెప్పలేకపోయెను.

ఇక మన దేశమువైపు చూతము. ఆరవ శతాబ్దమున వరాహమిహిరుడు తన బృహత్సంహితలో ‘దకార్గళము’ అను ఒక అధ్యాయమును, 125 శ్లోకములలో, నేలలోని నీటికొరకే కేటాయించెను. శరీరమున రక్తనాళములవలె భూమిలో నీటి సిరలు కలవని ఆయన భావన. ఎనిమిది దిక్కుల సిరలకు ఆయా దిక్పాలకుల పేర్లు, నడుమ మహాసిర. పాతాళమునుండి నిట్టనిలువుగా పైకి వచ్చు సిర శుభమట. ఇది పాతాళపక్షపు మాటవలె తోచును. కాని అధ్యాయారంభముననే ఆయన మరియొక మాట చెప్పియున్నాడు: ఆకాశమునుండి పడునప్పుడు నీటికి రంగు, రుచి ఒక్కటియే, నేల భేదమునుబట్టియే అది పలు రుచులు, పలు రంగులు పొందును. అనగా భూమిలోని నీటికి మూలము వానయే యని ఆయన ఎరుగును. చెట్టును, పుట్టను, మట్టిరంగును, రాతిగుణమును చూచి నీటి జాడ తీయుట ఆయన పద్ధతి. నేరేడు చెట్టునకు తూర్పున దగ్గరగా పుట్ట యున్నయెడల, చెట్టునకు దక్షిణమున రెండు పురుషప్రమాణముల లోతున తియ్యని నీరు పడునని ఒక సూచన. పురుషప్రమాణ మనగా చేతులెత్తి నిలిచిన మనుష్యుని ఎత్తు. ఈ గుర్తులన్నియు నేటి పరీక్షకు నిలుచునని మేము చెప్పము. కాని నీటిని గూర్చి అడుగవలసినది నేలను, రాతిని, చెట్టును అను సూత్రము మాత్రము సరియైనదే. ఆయనకు ముందు సారస్వతుడును, మనువును ఈ శాస్త్రమును చెప్పిరని ఆయనయే ఒప్పుకొనుటచేత, ఈ విచారము మనలో అంతకు పూర్వమే కలదని తెలియుచున్నది.

యూరపులో ఈ చిక్కుముడిని విప్పుటకు మొదట చేయి వేసినవాడు పండితుడు కాదు, కుమ్మరి. అతడు ఫ్రాన్సు దేశీయుడైన బెర్నార్ పాలిసీ. లాటిను గాని గ్రీకు గాని రానివాడు. పింగాణి పూత రహస్యము కనుగొనుటకై ఆవమునకు కట్టెలు చాలక ఇంటిలోని బల్లలను, నేలపలకలను సైతము మంటలో వేసినవాడు. 1580 లో అచ్చయిన అతని గ్రంథము ‘సిద్ధాంతము’, ‘అనుభవము’ అను ఇద్దరి సంభాషణ. అందు సిద్ధాంతము గ్రంథములు చదివి ప్రశ్నించును. అనుభవము చేతులతో పని చేసి బదులు చెప్పును. ఊటలు వాననీటివలననే పుట్టునని అనుభవము పట్టుపట్టి వాదించును. ఊట సముద్రపు నీరైనచో ఉప్పగా నుండవలెను. నీరు పల్లమునకు పోవునేగాని మిట్టకు ఎక్కదు. కరవు వచ్చినప్పుడు ఊటలును నదులును ఎండుట యెట్లు? వాననీరు కొండ బీటలలో దిగి, గట్టిరాయి గాని బంకమట్టి గాని తగిలినప్పుడు దానిపై జారి, దారి దొరికినచోట బయటపడునని అతడు తేల్చెను. తన మతము విడువనందున ముసలితనమున బాస్టీల్ చెరసాలలో మరణించెను.

అయినను పాలిసీ చూపినది యుక్తి; కొలత కాదు. వాన చాలునా చాలదా యను మొదటి ఆక్షేపణకు బదులు లెక్కలోనే యుండవలెను. ఆ లెక్క కట్టినవాడు పియేర్ పెర్రో. సిండ్రెల్లా కథను వ్రాసిన షార్ల్ పెర్రోకు ఇతడు అన్న. ప్రభుత్వపు పన్నుల శాఖలో ఉద్యోగము పోగొట్టుకొని, తీరిక కలిగి, ఊటలను గూర్చి యోచించి, 1674 లో ఒక గ్రంథము ప్రకటించెను. సెయిన్ నది పుట్టినచోటునుండి ఎయ్నే-లె-డ్యూక్ అను ఊరివరకు గల ప్రదేశమును తీసికొని, మూడేండ్ల వానను సరాసరి చూచెను. అది ఏటికి సుమారు 19 అంగుళములు. ఆ ప్రదేశమునుండి నదిలో పారు నీటిని అంచనా వేసెను. ఫలితము: పడిన వానలో ఆరవవంతు మాత్రమే నదిలో పారుచున్నది! వాన చాలకపోవుట కాదు, కావలసినదానికి ఆరింతలున్నది. మొదటి ఆక్షేపణ ఆనాటితో కూలినది.

విచిత్రమేమనగా, పెర్రో రెండవ ఆక్షేపణను తాను విడువలేదు. వాన నేలలోనికి లోతుగా దిగదనియే అతడును నమ్మెను. దానిని తొలగించినవాడు అతని సమకాలికుడైన ఎద్మే మారియోత్. పారిస్ ఖగోళ వేధశాలకు లోతైన నేలమాళిగలుండెను. వాటి కప్పునుండి నీరు చెమ్మగిల్లి కారుట మారియోత్ గమనించెను. వానలు బాగుగా పడినప్పుడు కారుట హెచ్చును. వానలు లేనప్పుడు తగ్గును. సెనెకా పది అడుగుల వాదమునకు ఇది ప్రత్యక్షమైన బదులు. పారిసు వంతెనయొద్ద సెయిన్ ప్రవాహమును కూడ అతడు కొలిచి, పెర్రో లెక్క సరియేనని స్థిరపరచెను. అతడు మరణించిన పిమ్మట 1686 లో అతని గ్రంథము వెలువడినది.

వాన సముద్రమునుండి ఆవిరియై పైకెక్కిన నీరేనని మన పూర్వులు ఎరుగుదురు. కాని అది ఎంత? తోకచుక్కతో పేరు పొందిన ఎడ్మండ్ హేలీ 1687 లో లండనున ఒక చిన్న పాత్రలో ఉప్పునీరు వేడిచేసి, ఎంత ఆవిరియైనదో తూచి, ఆ లెక్కను మధ్యధరా సముద్రమునకు వర్తింపజేసెను. వేసవి దినమున ఆ సముద్రమునుండి 528 కోట్ల టన్నుల నీరు ఆవిరియగునని తేలినది. దానిలో కలియు తొమ్మిది మహానదులు తెచ్చు నీరు 183 కోట్ల టన్నులు మాత్రమే. చక్రము పూర్తియైనది: సముద్రము, ఆవిరి, మేఘము, వాన, ఊట, నది, మరల సముద్రము. పాతాళ బిలముల అవసరమే లేకపోయినది.

ఇంతవరకు ఊట ఏ నీరో తెలిసినది. అది ఇచ్చటనే ఏల పుట్టును, ఆ పక్క కొండలో ఏల పుట్టదు? ఈ ప్రశ్నకు బదులు ఆకాశమున లేదు, రాతిలో నున్నది. పాదువా విశ్వవిద్యాలయమున వైద్యాచార్యుడైన ఆంటోనియో వాలిస్నియేరి ఇటలీలోని కొండలు స్వయముగా ఎక్కి, 1715 లో ఊటల పుట్టుకను గూర్చిన తన ఉపన్యాసమును అచ్చు వేయించెను. కొండ ఒక ముద్ద కాదు. అది పొరల పేర్పు. పొరలు ఒకవైపునకు వాలియుండును. వానయు, కరిగిన మంచును ఆ పొరల నడుమ దిగి, వాలు ఎటున్న అటు పోయి, పాదమున ఊటగా వెలువడును. నీటిశాస్త్రము భూగర్భశాస్త్రముతో చేయి కలిపినది ఈ ఘట్టముననే.

ఈ కీలకమును మన కొండలలోనే చూడవచ్చును. కొన్ని రాళ్లు నీటిని పోనిచ్చును, కొన్ని పోనీయవు. ఇసుకరాయిలో రేణువుల నడుమ ఖాళీలుండును. గట్టిపడిన ఇసుకరాయియైన క్వార్ట్‌జైటులో ఖాళీలు తక్కువ గాని, అది బీటలు వారియుండును. నల్లరాయి, అనగా గ్రానైటు, లోపల గట్టిది. పైనున్న శిథిలమైన పొరలోను, పగుళ్లలోను మాత్రమే నీరు నిలుచును. పలకబారిన మట్టిరాయి నీటిని అడ్డగించును. నీటిని పోనిచ్చు రాయి పైన, పోనీయని రాయి క్రింద ఉన్నచోట, ఆ రెంటి అతుకు కొండవాలున బయటపడినయెడల, అచ్చట ఊట పుట్టుటకు చక్కని తావు ఏర్పడును. తిరుమల ఘాటు రోడ్డులో ఇట్టి అతుకు ఒకటి కంటికి కనబడును: క్రింద మిక్కిలి పురాతనమైన గ్రానైటు, దానిపై కోట్ల సంవత్సరముల వ్యవధి తరువాత ఏర్పడిన క్వార్ట్‌జైటు. భారత భూగర్భ పరిశోధన శాఖవారు దానిని జాతీయ భూగర్భ స్మారకముగా గుర్తించిరి.

నల్లమలది మరియొక తీరు. ఈ కడప, కర్నూలు ప్రాంతపు శిలలను గూర్చి ఆ శాఖకు చెందిన విలియం కింగ్ 1872 లో ఒక పెద్ద గ్రంథమును వెలువరించెను. నల్లమల శిలలు క్వార్ట్‌జైటు పొరలు, పలకరాతి పొరలు. భూమి ఒత్తిడిచేత మడతలు పడి, నిలువునకు తిరిగి, విరిగినవి. పడమట కుందూ లోయలో పొరలు అంత చెదరక, సున్నపురాయియు మట్టిపలకయు నెమ్మదిగా పరచియున్నవి. కలత చెందిన కొండశిలలును, కుదురుగా నున్న లోయశిలలును కలియు అంచుననే మహానంది యున్నది. అడవికొండలపై పడిన వాన, బీటలలో దిగి, మడతల వెంట నడచి, లోయ అంచున దారి మూసికొని పోగా పైకి ఉబుకుట ఇట్టి తావులకు సహజము. నీరు క్రిందినుండి పైకి వచ్చుట మనము చూచుచున్నాము. అది పాతాళము వలెనే కనబడును. కాని దానిని తోయుచున్నది కొండ మీది నీటి బరువే. మన రెండు పేర్లకు ఇచ్చట సంధి కుదిరినది: పాతాళగంగ యనునది కొంతకాలము దాగియుండిన ఆకాశగంగయే.

సున్నపురాతి సంగతి వేరు. వాననీరు గాలిలోను, మట్టిలోను గల బొగ్గుపులుసు గాలిని గ్రహించి సున్నపురాతిని మెల్లగా కరగించును. బీట కాలువయగును, కాలువ గుహయగును. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల దగ్గర బేలము గుహలు ఇట్లు ఏర్పడినవే. 1884 లో బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు వాటిని పేర్కొనెను. 1982 లో జర్మనీ పరిశోధకులు వాటి పటము గీచిరి. ఇంతవరకు కొలిచిన పొడవు 3,229 మీటర్లు. ఆ గుహలలో ఒకచోట చిన్న నీటిపాయ ప్రవహించి రాతి అడుగున అదృశ్యమగును. దాని పేరు కూడ పాతాళగంగయే! కాని ఈ పాతాళగంగ పైకి వచ్చుట లేదు, క్రిందికి పోవుచున్నది. అది దూరపు బావులలో తేలునని అచ్చటివారు నమ్ముదురు.

ఇట్లు దాగిన నీరు ఎచ్చట తేలునో తెలియుట కష్టము, తెలిసినప్పుడు ఆశ్చర్యము. జర్మనీలో డాన్యూబు నది పుట్టిన కొద్ది దూరమునకే ఇమ్మెండింగెన్ అను ఊరియొద్ద సున్నపురాతిలో ఇంకి, వేసవిలో నదిగర్భము ఎండిపోవును. అచ్చటికి సుమారు 12 కిలోమీటర్ల దూరమున ఆఖ్ అను పెద్ద ఊట యున్నది. 1877 అక్టోబరులో అడాల్ఫ్ నాప్ అను ఆచార్యుడు నది ఇంకుచోట 10 కిలోగ్రాముల పచ్చని రంగును, 20 టన్నుల ఉప్పును, ఘాటైన రాతినూనెను కలిపించెను. సుమారు 60 గంటలకు ఆఖ్ ఊట పచ్చగా, ఉప్పగా, ఘాటుగా వెలువడినది. నల్లసముద్రమునకు పోవలసిన నీరు కొండ అడుగున దారి మార్చుకొని రైనునదిలో కలిసి ఉత్తరసముద్రమునకు పోవుచున్నదని ప్రపంచమునకు రుజువైనది. ఎగువవారికిని దిగువవారికిని నీటి తగాదాలు చెలరేగి, తుదకు 1927 లో జర్మనీ రాజ్యములు న్యాయస్థానము నెక్కినవి.

ఫ్రాన్సులో ఈ రుజువు పిలువకయే వచ్చినది. 1901 ఆగస్టులో దూ నదియొడ్డున పొంటార్లియే పట్టణమున ఒక మద్యపు కర్మాగారముపై పిడుగు పడి మంట లేచెను. ప్రమాదము పెరుగకుండ, అచ్చట నిలువయుంచిన సోపువాసనగల మద్యమును పనివారు నదిలోనికి వదలిరి. కొన్ని దినములకు, కొండల కావల, లూ అను వేరొక నది పుట్టు ఊటలో సోపువాసన వచ్చినది! తమ నది స్వతంత్రముగా కొండలో పుట్టుచున్నదని నమ్మినవారికి, అది పొరుగునది నీరని ఆ వాసన తెలియజెప్పినది. 1910 లో మార్టెల్ అను గుహాపరిశోధకుడు రంగు కలిపి ఆ సంగతిని స్థిరపరచెను.

ఈ రెండు వృత్తాంతములను వినోదముకొరకు మాత్రమే చెప్పలేదు. వీటిలో మన పనికి వచ్చు పాఠమున్నది. ఊట పుట్టుచోటు ఒకటి. ఊటకు నీరు చేరుచోటు వేరొకటి. నేలమీది నీరు కొండ శిఖరమును హద్దుగా నెంచును. నేలలోని నీరు శిఖరమును లెక్కచేయదు; పొరల వాలునే లెక్కచేయును. పొరలు తూర్పునకు వాలియున్నయెడల, పడమటి వాలున పడిన వాన తూర్పు ఊరి ఊటలో తేలవచ్చును. అనగా ఒక ఊరి ఊటకు తల్లి కొండ కావల, పొరుగువారి నేలలో నుండవచ్చును.

నీరు కొండలో ఎంత కాలము నిలుచునను ప్రశ్న కూడ కలదు. దీనికి మార్గము వేసినవాడు దిజోన్ పట్టణమునకు దూరపు ఊటనుండి మంచినీరు తెచ్చిన ఇంజనీరు హెన్రీ దార్సీ. ఇసుక నింపిన గొట్టములలో నీరు పోయించి, దాని వేగము ఎత్తు తేడానుబట్టియు, ఇసుక గుణమునుబట్టియు నుండునని 1856 లో ప్రకటించెను. నేడును భూగర్భజలమును లెక్కించువారందరు ఆ సూత్రముతోనే మొదలిడుదురు. సున్నపురాతి గుహలో నీరు గంటలలో నడచును. సన్నని బీటలలో నెలలు, ఏండ్లు పట్టును. ఆ ఆలస్యమే మనకు వరము. కొండ నీటిని పుట్టింపదు, దాచును. వానకాలపు రాబడిని వేసవి కర్చుకు పొదుపు చేయును. ఊట యనగా ఆలస్యముగా చేరిన వాన.

నేటి శాస్త్రజ్ఞులకు రంగులతో పని లేకయే నీటి జన్మము తెలిసికొను ఉపాయములు దొరికినవి. ఎత్తైన చోట పడిన వానలో బరువైన ప్రాణవాయు పరమాణువులు కొంత తక్కువ. కావున ఊటనీటిని పరీక్షించి అది సుమారు ఎంత ఎత్తున పడిన వానయో చెప్పవచ్చును. 1950 ల తరువాతను, ముఖ్యముగా 1963 ప్రాంతమునను, అణ్వాయుధ పరీక్షలచేత వానలో ట్రీటియము హెచ్చినది. దాని జాడనుబట్టి నీటి వయస్సు ఊహింపవచ్చును. భాభా అణుపరిశోధన కేంద్రమువారు ఉత్తరాఖండములోని గౌచర్ ప్రాంతమున ఈ పద్ధతిని వాడి, ఎండుచున్న ఊటలకు నీరు చేరు తావులను గుర్తించి, అచ్చట వాననీటిని ఇంకించుటకు దారి చూపిరి.

‘ఎండుచున్న ఊటలు’ అంటిమి. ఇదియే ఈ ప్రసంగమున ముఖ్యమైన మాట. నీతి ఆయోగ్ 2018 లో ప్రకటించిన నివేదికనుబట్టి, మన దేశమున సుమారు 50 లక్షల ఊటలు కలవు. అందు సుమారు 30 లక్షలు హిమాలయ ప్రాంతమునవే. ఆ ప్రాంతమున ఏడాది పొడవునా పారుచుండిన ఊటలలో ఇంచుమించు సగము ఎండిపోయినవి, లేదా వానకాలపు ఊటలుగా మారినవి. గంగాయమునలు మంచుకొండల బిడ్డలని మనము విందుము గాని, కొండ గ్రామముల బిందెలు నిండునది ఈ చిన్న ఊటలతోనే. ఊట ఎండినచో నీళ్లబిందె మోయు ఆడువారికి దారి పొడవగును.

ఊట సన్నగిల్లినప్పుడు గ్రామస్థులు చేయుచు వచ్చిన పని యేమి? ఊటనోటిని త్రవ్వుట, తొట్టి కట్టుట, సిమెంటు పూయుట, గొట్టము వేయుట. ఇవన్నియు పాతాళపక్షపు పనులు. నీరు అచ్చటనే, క్రిందనే పుట్టుచున్నదనుకొన్నవారు చేయు పనులు. నీరు పుట్టునది పైన. ఇంకుచోట అడవి పోయి నేల గట్టిపడినను, బాటకొరకు కొండను కోసి పొరలను తెంచినను, బోరుబావి దించి దారిలోనే నీటిని తోడినను, తొట్టి యెంత అందముగా కట్టినను ప్రయోజనమేమి?

సిక్కిం రాష్ట్రమువారు 2008 లో ఆరంభించిన ‘ధారా వికాస్’ కార్యక్రమము ఈ తప్పును దిద్దినది. వాన తక్కువ పడు దక్షిణ, పశ్చిమ ప్రాంతములలో మొదట రాతి పొరల వాలును చూచిరి. ఊటకు నీరు ఎచ్చట ఇంకుచున్నదో నిర్ణయించిరి. అచ్చట, ఊటకు చాల ఎగువన, వాలున కడ్డముగా కందకములను, చిన్న గుంటలను ఉపాధి హామీ కూలితో త్రవ్వించిరి. ఏబదికి పైగా ఊటలు తేరుకొనినవి. ఊటయొద్ద ఒక్క గునపము వేయకయే ఊటలో నీరు పెరిగినది! నాలుగు వందల యేండ్ల క్రిందట కుమ్మరి పాలిసీ చెప్పినది ఇదియే. రాతిని, నేలను అడుగుమని వరాహమిహిరుడు చెప్పినదియు ఇదియే.

ఈ పనిలో చిక్కు లేకపోలేదు. నీరు ఇంకు నేల ఒకరిది, నీరు త్రాగు ఊరు మరియొకరిది. తన నేలలో కందకము త్రవ్వనిచ్చువానికి ఆ నీటిలో చుక్కయు రాకపోవచ్చును. ఇచ్చట భూగర్భశాస్త్రము దారి చూపునే గాని నడిపింపలేదు. ఆ మీది పని ఊళ్ల నడుమ ఒడంబడిక, ఇరుగుపొరుగు ధర్మము. డాన్యూబు తగాదా న్యాయస్థానమునకు పోయినది. మన కొండ ఊళ్ల తగాదా రచ్చబండయొద్దనే తీరుట మేలు.

మహానందికి పోవు యాత్రికుడు కోనేటిలో మునిగి, దోసిట నీరు పట్టి, లింగమునకు మ్రొక్కును. అది యుక్తమే. ఆపై ఒక్కమారు తల యెత్తి తూర్పున నల్లమలను చూడవలెనని మా మనవి. ఏనాడో ఆ అడవిపై కురిసిన వానయే ఈ దోసిలిలోనున్నది. ఆ అడవి నిలిచినంతకాలము, ఆ బీటలలో వాన దిగనిచ్చినంతకాలము, కోనేటి నీరు తేటగా పారును.

ఋషిమూలము విచారింపరాదన్న మాటను కాదనుటకు మాకు అధికారము లేదు. నదీమూలమును మాత్రము విచారింపవలసినదే. విచారించినవారికి అది కొండ అడుగున గాక, కొండ మీద, మన చేతిలోనే యున్నట్లు కనబడుచున్నది.